కాలవలో గుమ్మడికాయ

"రాములా, కాయ యాడికొచ్చింది?"

మా ఆయన ఫ్రాన్సిసు పొద్దున్నుంచి ఇదే మాట అడగడం అది పదిహేడోసారి. నేను ఫోన్ చెవికి ఆనించుకుని అరుస్తాండా. "వస్తాందయ్యా, వస్తాంది! రైలుబండా ఏంది, టేషను టేషనుకీ చెప్పనీకె? నా కండ్ల ముందరే ఊగుకుంట వస్తాంది. ఫోన్ పెట్టేయ్, కాయను చూసుకోనీ!"

నవ్వాకండి. కాయ అంటే గుమ్మడికాయే. మాది ఆళ్ళగడ్డ దగ్గర దిగువమాదారం. కాలవకు ఆఖరి ఊరు. మా ఊరి తర్వాత కాలవ లేదు, మా మంచినీళ్ళ చెరువులో పడి ఆగిపోతాది. ఎండలు ముదిరేలోపల తాగేదానికని కాలవకు ఐదు రోజులు నీళ్ళిడుస్తారు. ఆ ఐదు రోజుల్లో చెరువు నిండితే వానలు పడేదాకా ఈదిలో కొళాయిలొస్తాయి. నిండకుంటే మూడు దినాలకొక ట్యాంకరు. ట్యాంకరు కాడ బిందెలతో కొట్లాట. అదీ చాలకుంటే మైలున్నర నడిచి కొండ కింద బాయికి పోవాల.

నీళ్ళిడిసే గేటు నంద్యాల దిక్కున, గోస్పాడు దాటినాక ఉంది. నీళ్ళిడిసిన పొద్దు మా ఊరోళ్ళు ఆడికి ఒక తియ్య గుమ్మడికాయ తీసుకపోయి, ఎర్ర పెయింటుతో ఊరి పేరు రాసి నీళ్ళలో ఇడుస్తారు. పాస్టరయ్య ప్రార్థన చేస్తాడు, శెట్టోళ్ళు పసుపూ కుంకుమా పెడతారు. మా గుమ్మడికాయది రెండు మతాలు. అది తేలుకుంట వస్తాంటే గట్టు మీద మావాళ్ళు దాని వెంటే వస్తారు. కాయ ఆగిందంటే ఆడ ఎవడో నీళ్ళకు అడ్డం పడినాడని అర్థం. పొద్దు మునిగేలోపల కాయ ఊరు చేరిందంటే ధార బాగున్నట్టు, ఐదు దినాల్లో చెరువు నిండుతాది. చేరకుంటే నిండదు. నేను ఆ ఊరికి కోడలుగా వచ్చి ఇరవై ఆరేండ్లు. అన్నేండ్లలో కాయ ఆ పొద్దే చేరింది రెండేసార్లు, అదీ తుఫాను వానలకు కాలవ పొంగిన ఏండ్లల్లో.

ఇన్నేండ్లూ మగోళ్ళే పోతాండ్రి. ఈ ఏడు నేను పోయినా. యాలంటే, పోయిన నెల బడికాడ మీటింగులో ఒకాయన నన్ను చూసి, "నీళ్ళెట్లొస్తాయప్పా? రాములమ్మ పుట్టింటోళ్ళు తాగి మిగిలితే గదా మనకు!" అన్నాడు. అందరూ కిలకిల నవ్వినారు. నా పుట్టినూరు ఆ కాలవ మీదనే, పై దిక్కున. ఊరి పేరు చెప్పను. ఆ నవ్వుకు నా ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి, "ఈ ఏడు కాయ వెంట నేను పోతా! పొద్దు మునిగేలోపల తెస్తా! తేకుంటే నా పేరు రాములమ్మే కాదు!" అని అరిచేసినా. కూర్చున్నంక తెలిసింది, ఏం మాటన్నానో. అప్పటికే అందరూ చప్పట్లు కొడతాండారు.

మా అత్త అనసూయమ్మ మాత్రం చప్పట్లు కొట్టలే. డెబ్బై ఆరేండ్ల మనిషి, మోకాళ్ళు రెండూ పట్టుకుపోయినాయి. నేను పెండ్లయి వచ్చిన కాడి నుంచి పత్తికి, మిరపకాయలకు కూలికి పోతాంటే ఇంట్లోకి నీళ్ళు మోసింది ఆమెనే. బాయి కాడి నుంచి, ట్యాంకరు కాడి నుంచి, వర్షమొచ్చినా ఎండొచ్చినా. "తేగలవా?" అని ఒక్కమాట అడిగింది. "తెస్తా అత్తా" అన్నా.

అట్ల, ఆ పొద్దు తెల్లారి ఆరింటికి కాయను ఇడిసి, మా బావ దేవదానం బండెనక ఎక్కి గట్టు మీద పడినా. బావంటే ఫ్రాన్సిసు అన్న. చర్చి సంఘానికి పెద్ద, టీవీఎస్ ఎక్సెల్‌కు ఓనరు. నేను ఎనక కూర్చుని ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో పొడుగాటి వెదురు కట్టె.

అబ్బా, ఆ నీళ్ళు! ఎండిన కాలవలో ముందు నురగ, చెత్త, తంగేడాకు, పాత చెప్పులు గలగలమంటా పరిగెత్తుతాంటే ఎనకాల కాయ! తల ఊపుకుంట, పెండ్లికొడుకు మాదిరి. నాకు కూతెయ్యాలనిపించింది. ఏసినా గూడా. బావ ఉలిక్కిపడి బండి గట్టు దించబోయినాడు.

"ఏందీ ఆ అరుపు మరదలా! నన్ను గూడా కాలవలో ఏసి కాయతో పాటు ఊరికి పంపుతావా?"

"పంపితే బాగుండు బావా. నువ్వైతే యాడా తట్టుకోవు, నున్నగుండావ్!"

మూడు మైళ్ళు పోంగానే కాయ నెమ్మదించింది. గట్టు మీద పచ్చిగడ్డి మోపు, పక్కన ఒకాయన ఏమీ ఎరగనట్టు బీడీ తాగుతాండాడు. బండి ఆపమన్నా. గడ్డి మోపు గుర్రుమంటాంది.

"ఏమన్నా, నీ గడ్డి గురక పెడతాంది?" అన్నా.

ఆయన బీడీ కింద పడిపోయింది. గడ్డి లాగి చూస్తే డీజిల్ ఇంజను. గొంతెత్తి పది మాటలన్నా. ఆ పదిలో మూడు ఈడ రాసేటివి కావు. ఆయనే ఇంజను ఆపి, గొట్టం చుట్టుకుని, "ఐదు రోజులే గదమ్మా, ఎవురికీ తెల్దనుకున్నా" అనుకుంట పోయినాడు. ఇంకొంచెం దూరంలో బర్రెలు కడుక్కునేదానికని కాలవకు అడ్డం రాళ్ళు పేర్చినారు. నేనూ బావా దిగి ఒక్కొక్క రాయీ తీసి గట్టుకు ఇసిరేసినాము. ఇంకోచోట కలబంద పొదలో నుంచి నల్లపైపు. బావ దాన్ని పామనుకుని దుమికినాడు, నేను పట్టుకుని లాగినా.

"ఇవన్నీ నీకెట్ల తెలుస్తాండాయ్? ముప్పై ఏండ్ల నుంచి ఈ గట్టు మీద తిరుగుతాండా, నాకొక్కటీ కనపడలే" అన్నాడు బావ.

"పుట్టింట్లో చదివించినారులే బావా. కాలేజీ లెవెల్లో."

బావ నవ్వినాడు. నేనూ నవ్వి, చూపు కాయ మీదికి తిప్పుకున్నా.

అందరూ ఏమంటారు? మా సీమలో వానలు లేవు, దేవుడు మొగం తిప్పుకున్నాడు అంటారు. వాన తక్కువే, నేను కాదనను. కానీ వచ్చిన కాడికి ఏం చేస్తాండాము? కాలవ మీద రెండో కారుకు వరి ఏయొద్దు, ఆరుతడి పంటలే ఏసుకోండని ఊరూరా దండోరా ఏసినారు. ఎవడింటాండాడు? పైనున్నోడు మోకాలి లోతు నీళ్ళల్లో వరి నాటుకుంటాడు, కిందున్నోళ్ళు నాలుగు బిందెలకు జుట్లు పట్టుకుంటారు. కాలవ పూడిక తీసి ఎన్నేండ్లయిందో ఆ పూడికకే తెలియాల. నాకు దేవుడి మీద కోపం లే. మనుషుల మీదనే.

మధ్యాహ్నం పన్నెండున్నరకు దయ్యాలసుడి కాడికి వచ్చినాము.

దయ్యాలసుడంటే ఆ కాలవకు ఒక వంపు. గట్టు పొడుగూతా జమ్ము దట్టంగా పెరిగుంటాది. ప్రతి ఏడూ కాయ ఆడికి రాంగానే గట్టు పక్కకు జరిగి, జమ్ములో దూరి గిరగిర తిరుగుతాది. కట్టెతో తోస్తే రెండు బారలు పోయి మళ్ళా ఎనక్కొస్తాది. గంట పడుతుందో రెండు గంటలు పడుతుందో దాని ఇష్టం. ఆడ ఎప్పుడో ఒక ఆడమనిషి పడి సచ్చిందని, ఆమె కాయను పట్టుకుంటాందని మా ఊరోళ్ళ నమ్మకం. శెట్టోళ్ళు నిమ్మకాయలు కోసి పడేస్తారు, మావాళ్ళు మోకాళ్ళేసి ప్రార్థన చేస్తారు. ఇన్నేండ్ల నుంచీ ఇదే తంతు.

కాయ వచ్చింది. పక్కకు జరిగింది. తిరగడం మొదలుపెట్టింది.

"మొదలుపెట్టిందిరా తల్లీ!" అని బావ బండి దిగినాడు. "మరదలా, నువ్వు కాయను చూస్తాండు. నేను ఊర్లోకి పోయి నాలుగు నిమ్మకాయలు తెస్తా."

"సంఘ పెద్దవై ఉండి నిమ్మకాయలేంది బావా?"

"దయ్యం ఏ మతందో మనకేం తెలుసు? ప్రార్థన నేను చేస్తా, నిమ్మకాయ నువ్వు కొయ్. రెండూ అయిపోతాయ్" అని బండి ఎగేసుకుని పోయినాడు.

నేను గట్టు మీద నిలబడినా. గట్టుకు ఆ పక్కన పచ్చగా వరి. నలభై ఎకరాలు. అందులో మూడెకరాలు మా తమ్ముడు యాకోబువి. ఎందుకంటే అది నా పుట్టినూరే. ఆ సుడిలో దయ్యమూ లేదు, పాడూ లేదు. ఆ జమ్ము కింద తూముంది. పొలాల్లోకి నీళ్ళు లాగేదానికి మా నాయన పెట్టిన దొంగ తూము.

నాకు ఇరవై రెండేండ్లప్పుడు, కాలవ ఎండిన ఎండాకాలంలో, మా నాయనా ఇంకో నలుగురూ కలిసి గట్టు తవ్వి సిమెంటు తూము పూడ్చినారు. మనిషి దూరేంత తూము. తట్టతో బంకమన్ను మోసింది నేను. పైన జమ్ము నాటింది నేను. ఆఫీసర్లు వచ్చినప్పుడు మూసేదానికి పక్కనే ఒక నాపబండ గూడా పెట్టినారు. పని అయినాక నాయన ఇంట్లో నా చెయ్యి బైబిలు మీద పెట్టించి, "ఎవురికీ చెప్పను అను" అన్నాడు. అన్నా. ఆ మరుసటి నెలే నన్ను దిగువమాదారానికి ఇచ్చి పెండ్లి చేసినాడు. కాలవ చివరికి! ఆయనకు ఆ పొద్దు తోచిందో లేదో నాకు తెలీదు. నాకు మాత్రం మొదటి ఎండాకాలమే తోచింది, మా అత్త బిందె మీద బిందె పెట్టుకుని బాయి కాడి నుంచి వస్తాంటే. నోరు మూసుకున్నా. ఇరవై ఆరేండ్లు మూసుకున్నా.

"అక్కా!"

యాకోబు వస్తాండాడు, చేతిలో టిఫినుక్యారేరు. "సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చినా. ఎండలో మాడిపోతాండావ్, ముందు తిను."

నేను కాయను చూపించినా. వాడు చూసినాడు. నన్ను చూసినాడు. క్యారేరు కింద పెట్టినాడు.

"వరి పొట్ట మీదుంది అక్కా" అన్నాడు మెల్లగా. "ఈ ఐదు రోజుల నీళ్ళు దానికి పడితేనే గింజ."

"వరి ఏయొద్దని దండోరా ఏసినారు గదరా!"

"అందరూ ఏసినారు. నేనొక్కన్నే మానితే ఆగుతాయా నీళ్ళు? నువ్వు బైబిలు మీద చెయ్యి పెట్టినావ్, మర్చిపోయినావా?"

"చెప్పనని పెట్టినా. మూయనని పెట్టలే!"

ఆ మాట నా నోట్లో నుంచి ఎట్లొచ్చిందో నాకే తెలీదు. కానీ వచ్చినంక ఇంక ఆగలే. ఫోను గట్టు మీద పెట్టి, చీర పైకి దోపుకుని దిగినా కాలవలోకి. నడుం లోతు నీళ్ళు, చల్లగా జివ్వుమన్నాయి. "అక్కా, వద్దు! తూము లాగుతాది!" అని వాడు పైనుంచి అరుస్తాండాడు. జమ్ము పట్టుకుని కాలితో నాపబండ వెతుకుతాండా. కాలికి తగిలింది! అంతే, ఎవరో కొంగు పట్టి లాగినట్టు ఒక్క గుంజు గుంజింది. కొంగు తూములోకి పోయింది. నేను మోకాళ్ళ మీద పడినా, గడ్డం దాకా నీళ్ళు. జమ్ము వేర్లతో సహా చేతిలోకి ఊడొచ్చింది. నిజం చెప్తాండా, ఆ పూటతో అయిపోయింది అనుకున్నా.

దబ్బున చప్పుడు. యాకోబు దూకినాడు. చొక్కా గూడా ఇప్పలే. నన్ను చంకల కింద పట్టి లాగినాడు, కొంగు పర్రున చినిగిపోయింది. "నీకేమన్నా అయితే నేను ఎవురికి చెప్పుకోవాల? నీకు బుద్ధుందా?" అని తిడతా ఏడుస్తాండాడు. నేనూ ఏడుస్తాండా. ఏడ్చుకుంటనే "బండ పట్టురా!" అన్నా.

వాడు ఒక్క గడియ వరి దిక్కు చూసినాడు. తర్వాత వంగి బండ పట్టినాడు. ఒక అంచు నేను, ఒక అంచు వాడు. జరగదే! పళ్ళు బిగించి తోసినాము. ఇంచీ, ఇంకో ఇంచీ. "తొయ్ రా! అన్నం తిన్లేదా!" అంటాండా నేను. ఉన్నట్టుండి లాగే నీళ్ళే బండను పట్టేసి ఠప్పున తూముకు అతికించినాయి.

ఇద్దరమూ తల ఎత్తి కాయను చూసినాము. అది తిరగడం ఆపింది. ఒక్కసారి ఇట్ల ఊగింది, అట్ల ఊగింది. జమ్ము ఇడిసి నడిమధ్యకు వచ్చింది. పోయింది!

"పోయిందిరా యాకోబూ! పోయింది!" అని నేను నీళ్ళల్లోనే ఎగురుతాండా. వాడు గట్టెక్కి, తడిసిన బట్టలతోనే ఇంటి దిక్కు నడిచిపోయినాడు. క్యారేరు ఆడనే ఉంది.

బావ వచ్చేసరికి నేను చెప్పుల బురద కడుక్కుంటాండా. "నిమ్మకాయ ఇంకా కోయనేలే, దయ్యం అప్పుడే పోయిందా? ఏందీ, నువ్వట్ల తడిసినావ్?"

"కాలు జారింది బావా. బండెక్కు, బేగా! కాయ అందకుండా పోతాంది!"

ఆ మిగిలిన దోవ ఉంది చూడండి, నేను చచ్చేదాకా మర్చిపోను. కాయ అట్ల ఉరకడం ఎవరూ చూసిండరు. బండి అందుకోలేకపోతాంది. ఊరూరా గట్ల మీద జనం చేరి, "దిగువమాదారం కాయ పోతాంది!" అని ఈలలు. ఫ్రాన్సిసు ఫోను మీద ఫోను. "యాడికొచ్చింది?" "నీ ఇంటికొచ్చింది, సంగటి చెయ్యిపో!" అన్నా. పొద్దు ఇంకా చింతతోపు మీదుండంగానే మా ఊరి వంతెన కనపడింది. వంతెన మీద ఊరంతా. చర్చి గంట ఆగకుండా కొడతాండారు, శెట్టోళ్ళ అంగడి ముందర డప్పు పలకలు మోగుతాండాయి. కాయ వంతెన కింద దూరి చెరువులో దబ్బున పడింది. నా గొంతు పూర్తిగా పోయింది, అయినా అరుస్తానే ఉండా.

ఐదు దినాలకు చెరువు నిండింది. కట్ట అంచు దాకా. ఆ బండను ఎవరూ మళ్ళా తియ్యలేదన్నట్టు. పదేండ్ల పిల్లోళ్ళు చెరువు అంత నిండగా ఉండేది ఎప్పుడూ చూసినోళ్ళు కారు, ఊరికే రాళ్ళేసి చూస్తాండారు. ఆ సాయంత్రం కట్ట మీద కాయను కోసి ఇంటికొక ముక్క పంచడం ఆనవాయితీ. మొదటి ముక్క కాయ వెంట వచ్చినోళ్ళకు. మీటింగులో నన్ను ఎక్కిరించిన ఆయనే ముక్క పట్టుకుని వచ్చి, "తప్పయిపోయింది రాములమ్మా. నీ పుట్టింటోళ్ళను ఊరికే అన్నా" అన్నాడు.

నా చెయ్యి ముందుకు రాలే.

ఐదు రోజుల నుంచి తమ్ముడు ఫోన్ ఎత్తడం లే. పక్కకు పోయి ఇంకోసారి చేసినా. ఎత్తినాడు. "చెప్పేస్తాండా రా" అన్నా. "చెప్పుకో. అడిగేదానికి నాయన గూడా లేడు" అని పెట్టేసినాడు.

వచ్చి ఊరందరి ముందర నిలబడి చెప్పేసినా. దయ్యం లేదని, తూముందని, మన్ను మోసింది నేనేనని, ఇరవై ఆరేండ్ల నుంచీ తెలుసని. దేవుడి కాడ ఆ ఒట్టు సంగతి నేను చెప్పుకుంటాలే అనుకున్నా. దేవదానం బావ నోరు తెరుచుకుని చూస్తాండాడు. నేను మాత్రం ఇంకెవరినీ చూడలే, మా అత్తనే చూస్తాండా.

అత్త కూర్చున్న రాయి మీద నుంచి చేతికర్ర ఊతంగా లేచింది. "ఇరవై ఆరేండ్లా?" అంది.

"అవునత్తా."

దగ్గరికి వస్తాంటే కొడతాది అనుకున్నా. కొట్టినా పడాల. ఆమె నన్ను దాటి చెరువు మెట్లు దిగింది. ఒక్కొక్క మెట్టుకూ ఆగి. ఫ్రాన్సిసు పట్టుకోబోతే చెయ్యి ఇదిలించింది. మెట్టు మీద పెట్టున్న మా బిందె ముంచి నింపింది. ఎత్తలేకపోయింది. నన్ను పిలిచింది.

"వంగు."

వంగినా. నేనొక చెయ్యేసి లేపితే, బిందె నా తల మీదికి నెట్టింది. నీళ్ళు తొణికి మొగమంతా పడినాయి.

"పద ఇంటికి" అని ముందు నడిచింది. నేను ఎనక. ఊరంతా చూస్తాంది. చర్చి మలుపు తిరిగినాము. ఆమె మోకాళ్ళు కటకటమనేది నాకు ఇనపడతాంది.

"రేపు గూడా మోస్తావ్" అంది, ఎనక్కి చూడకుండా. "ఇంట్లో కొళాయి వచ్చినా సరే, నాకు మాత్రం నువ్వే మోస్తావ్. ఎల్లుండి గూడా. ఇరవై ఆరేండ్లు."

ఏడుపొస్తాంది, దాంట్లోనే నవ్వూ వస్తాంది. "అప్పటికి నీకు నూట రెండొస్తాయ్ అత్తా" అన్నా.

"బతుకుతాలే" అంది. "నీళ్ళుండాయ్ గదా."